గళ్ళ పెనంలో వేలిముద్రలు

“పనిలో ఇరవై ఏళ్ళు నిండిన ప్రతి మనిషికీ కిటికీ పక్కన కుర్చీ ఇస్తాం. ఇన్నాళ్ళూ నిలబడి గింజలు కొట్టినవాళ్ళు ఇక కూర్చుని పప్పు ఏరుకోవచ్చు. ఇది నా మాట. కావాలంటే రాసిపెట్టుకోండి.”

జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు దగ్గర వేలిముద్రల మిషన్ బిగించిన రోజు మేనేజరు అన్న మాటలివి. ఎవరూ రాసిపెట్టుకోలేదు. అప్పుడే షిఫ్టు దిగిన జనం. చేతుల నిండా జీడి. ఆ చేతులతో ముట్టుకుంటే కాగితం కూడా నల్లబడిపోతుంది. చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయారు. ఇది జరిగి రెండేళ్ళ నాలుగు నెలలు.

ఆదివారం పొద్దున్న గుండ్లమ్మ మంచం మీద లేచి కూర్చుని, కుడి మోకాలిని రెండు చేతులతో పట్టుకుని, ఎవరిదో పగిలే సామాను దించినంత జాగ్రత్తగా నేల మీదికి దించింది. వారానికి ఒక్కటే సెలవు. సెలవు రోజున కూడా ఆమె ఎనిమిదింటికల్లా పొయ్యి ముందు ఉంటుంది. ఆదివారం వాఫిల్స్, అంటే గళ్ళ అట్లు, వేసే రోజు. ఆ వరస ఇళ్ళన్నిట్లోనూ అంతే. ఫ్యాక్టరీలో విరిగిన పప్పుని శనివారం సాయంత్రం మనిషికో పొట్లం చొప్పున ఇస్తారు. ఆ ముక్కల్ని ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ప్రతి ఇంట్లో ఒక గళ్ళ పెనం ఉంటుంది. రెండు ఇనప పలకలు, మధ్యలో మడతబందు, చివర పొడుగాటి కాడలు. గుండ్లమ్మ పెనం పాత ఇనప సామాన్ల కొట్లో దొరికింది. దాని కాడ ఒకటి కొంచెం వంకర.

విరగని పప్పుని ఫ్యాక్టరీలో గుండు అంటారు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆమె కత్తి కింద ఒక్క గింజ కూడా విరగలేదు. అందుకని గుండ్లమ్మ. అసలు పేరు చేరిన రోజు రాసిన కాగితంలో ఉంది. దాన్ని పిలిచేవాళ్ళెవరూ లేరు.

ఆమె పప్పు ముక్కల్ని మూకుట్లో దోరగా వేయించి, సగం కచ్చాపచ్చాగా దంచింది, సగం అలాగే ఉంచింది. కూతురు గుడ్ల తెల్లసొన గిన్నెలో వేసి గిలకొడుతోంది. కూతురిది దర్జీ కొట్లో కాజాలు కుట్టే పని. ఆ మణికట్టుకి అలుపు రాదు.

“అమ్మా, అనాసపండు నేను కోస్తాను. నువ్వు ముట్టుకోకు.”

“ముట్టుకోను లేవే. నాకేం సరదానా.”

గింజ పెంకులో ఉండే జీడి చర్మాన్ని తింటుంది. బూడిద రాసుకున్నా తింటుంది, నూనె రాసుకున్నా తింటుంది. చేరిన ఆరు నెలలకి వేళ్ళ మీద గీతలు పలచబడతాయి. ఏడాదికి అసలుండవు. గచ్చులాగా నున్నటి వేళ్ళు. వాటికి అనాస రసం తగిలితే మంట మోచేతి దాకా పాకుతుంది. అందుకని పండు కోసే పని కూతురిదే. ముక్కల్ని చిన్న గిన్నెలో పంచదారతో పొయ్యి మీద పెట్టి, కాస్త దాల్చినచెక్క వేసి, బంగారు రంగు తిరిగి చిక్కబడేదాకా ఉడికించి, దించే ముందు నిమ్మకాయ పిండుతుంది.

పెనం కాలింది. గుండ్లమ్మ వెన్న రాసి, గరిటెడు పిండి పోసి, మూత బిగించింది. రెండు నిమిషాలకి తిరగేసింది. ఇల్లంతా వేగిన పప్పు వాసన. అప్పుడే పక్కింటి పొట్టక్క కంచం పట్టుకుని గుమ్మంలో దిగింది.

“వదినా, అయ్యిందా?”

“కూర్చో. ముక్కుతో కాలెండరు చూస్తావేమిటి నువ్వు?”

“మా ఇంట్లో పిండి అయిపోయింది.”

“నీ ఇంట్లో ప్రతి ఆదివారం ఏదో ఒకటి అయిపోతుంది. పోయిన వారం గుడ్లు. అంతకు ముందు ఓపిక.”

“ఓపిక ఎప్పుడుంది గనక, అయిపోవడానికి?” అని పొట్టక్క గోడకి జారగిలబడింది. ఆమె కూడా పెడల్ తొక్కి గింజలు కొట్టే మనిషే. ఇరవై మూడేళ్ళుగా.

మూత తీశారు. పెనంలో ఉన్నవి ఉత్త గళ్ళే. వాఫిల్ మీద మాత్రం ఎప్పట్లాగే గడికొక వేలిముద్ర వచ్చింది. ఆ గడిలో పడిన పప్పుని ఎవరు వలిచారో వాళ్ళది. జీడి తిన్న గీతలు ఎక్కడికీ పోవు, గింజలోనే ఉంటాయి.

“ఎవరెవరు వచ్చారు?” అంది పొట్టక్క.

గుండ్లమ్మ వాఫిల్‌ని కిటికీ వెలుగుకి పట్టుకుంది. ఇన్నేళ్ళ వాఫిల్స్ చూసి చూసి షెడ్డులో అందరి వేళ్ళూ ఆమెకి కంఠతా వచ్చు. “ఇదిగో నీ బొటనవేలు. ఇదీ నీదే. ఇదీ నీదే. ఎన్ని విరగ్గొట్టావే తల్లీ ఈ వారం! ఇది చివరి వరస మెల్లకన్ను పిల్లది. ఇది...”

ఆగిపోయింది. కూతురు గరిటె కింద పెట్టింది.

“నవ్వులమ్మ,” అంది గుండ్లమ్మ.

నవ్వులమ్మ పోయిన వానాకాలం చివర్లో పోయింది. మధ్యాహ్నం భోజనాల గంటకి పది నిమిషాలుందనగా, పెడల్ మీద కాలు ఉండగానే. నవ్వితే ఆమె చెయ్యి కదిలేది, చెయ్యి కదిలితే పప్పు విరిగేది. గోడౌన్ అడుగున ఆమె విరగ్గొట్టిన సంచీ ఏదో మిగిలిపోయినట్టుంది. వంకీ తిరిగిన గీతలు, మధ్యలో చిన్న కత్తిగాటు. ఆరు గళ్ళలో ఒక్క బొటనవేలే.

కుర్చీ కోసం ఆమె మూడు అర్జీలు ఇచ్చింది. ఇరవై ఆరేళ్ళు చేశాను, మాటిచ్చారు, కూర్చోనివ్వండి, అని. మూడింటికీ జవాబు రాలేదు.

గుండ్లమ్మ ఆ ముక్కని విడిగా తీసి, ఆరబెట్టి, పంచదార డబ్బాలో పెట్టింది. మిగతాది ముగ్గురూ పంచుకున్నారు. వేడి అనాస రసం గీతల్లోకి కాలవలు కట్టింది. పొట్టక్క తన వేలిముద్రని తానే రెండు ముక్కలుగా కొరికి, “నేను బాగానే ఉన్నాను,” అంది.

“అత్తా, మా అమ్మది ఎప్పుడూ రాదేం?” కూతురు అడిగింది.

“ఎలా వస్తుందే? ఇంటికి వచ్చేవి ముక్కలు. మీ అమ్మవి గుండ్లు. డబ్బాల్లోకెక్కి సముద్రాలు దాటిపోతాయి. మీ అమ్మ వేళ్ళని చూసే రాత మనకి లేదు.”

ఇప్పుడు మిషన్ సంగతి చెప్పాలి. పాత రోజుల్లో పనిలో చేరేటప్పుడు కాగితం మీద సిరాతో వేలిముద్ర వేయించుకునేవాళ్ళు. ఆ కాగితాలన్నీ ఫొటో తీసి మిషన్‌లోకి ఎక్కించారు. మిషన్‌కి తెలిసింది ఆ పడుచు వేళ్ళు. గాజు మీదికి వచ్చేవి జీడి తిన్న వేళ్ళు. ఎర్ర దీపం వెలిగి “గుర్తించబడలేదు” అంటుంది. అప్పుడు గేటు గుమాస్తా తాత్కాలికం అని ఒక పుస్తకంలో రాసుకుని లోపలికి పంపిస్తాడు. తాత్కాలికపు మనిషికి సర్వీసు ఉండదు. సర్వీసు లేకపోతే కుర్చీ లేదు. వేళ్ళున్నవాళ్ళు నిన్న మొన్న చేరినవాళ్ళు, వాళ్ళకి ఇరవై ఏళ్ళు నిండలేదు. ఇరవై ఏళ్ళు నిండినవాళ్ళకి వేళ్ళు లేవు. కిటికీ గదిలో నలభై కుర్చీలు ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా అలాగే ఉన్నాయి. శ్రమించే చేతులే చరిత్రని రాస్తాయని గోడల మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. చరిత్ర సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ చేతుల్ని హాజరు వేయించుకోనివ్వండి.

గుండ్లమ్మ మోకాలు చూసిన డాక్టరమ్మ సూటిగానే చెప్పింది. “ఇంకో వానాకాలం పెడల్ తొక్కితే ఈ మోకాలు మీ మాట వినదు. కూర్చునే పని చూసుకోండి.” మబ్బులు అప్పటికే పట్టాయి.

సోమవారం పొద్దున పొట్టక్క ఆలస్యంగా పరిగెత్తుకొచ్చింది. చంకలో సంచీ, ఎడం చేతిలో గొడుగు, కుడి చేతిలో సగం తిన్న వాఫిల్. వెనక నుంచి తోస్తున్నారు. బొటనవేలు పెట్టాల్సిన గాజు మీద ఆ తొందరలో వాఫిల్ పెట్టేసింది.

పచ్చ దీపం వెలిగింది. మిషన్ ఆమె అసలు పేరు చెప్పింది, చేరిన తేదీ చెప్పింది. “ఇరవై మూడు సంవత్సరాల ఒక నెల. స్వాగతం,” అంది.

గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని చూశాడు. అతనికీ ఇరవై ఏళ్ళ పైనే సర్వీసు, అతనికీ నడుం నొప్పి. “అమ్మా, గాజంతా జిగట చేశావు. పండు పెట్టకుండా తేవచ్చు కదా,” అని గుడ్డతో తుడిచి, చీటీ చించి ఇచ్చాడు. చీటీ మీద కుర్చీ నంబరు ఉంది.

ఆ రోజు పొట్టక్క కిటికీ పక్కన కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ ఆమె చుట్టూ మూగారు.

“ఎలా ఉందక్కా?”

“ఏముంది? పొద్దుటి నుంచీ నా కాళ్ళు నన్నేమీ అడగలేదు. నాకే దిగులేసి రెండుసార్లు చూసుకున్నాను, ఉన్నాయా లేవా అని.”

మర్నాటి నుంచి గేటు దగ్గర వరసంతా వాఫిల్సే. గుడ్డలో చుట్టినవి, టిఫిన్ డబ్బాల్లోవి, జేబుల్లో నలిగినవి. గుమాస్తా మిషన్ పైన ఒక అట్ట అంటించాడు: “వాఫిల్ మీద పండు, వెన్న వేయరాదు. మాడినవి చెల్లవు.” వారం తిరిగేసరికి ముప్పై ఎనిమిది మంది పెడల్ దిగి కుర్చీలు ఎక్కారు. బాగా విరగ్గొట్టినవాళ్ళు ముందు, కొంచెం విరగ్గొట్టినవాళ్ళు తర్వాత. వాళ్ళ పెడళ్ళ దగ్గరికి కొత్తవాళ్ళు వచ్చారు. పాతవాళ్ళలో షెడ్డులో మిగిలింది ఎన్నడూ విరగ్గొట్టని మనిషి. ఒక్క గుండ్లమ్మ.

“ఒక్క గుప్పెడు విరగ్గొట్టమ్మా,” అంది కూతురు. “ఒక వాఫిల్‌కి గుప్పెడు చాలు.”

“నోరు కడుక్కో.”

“ఎవరి కోసం ఆ గుండ్లు? నీ వేలిముద్ర ఏ దేశంలో ఎవడి ప్లేటులో ఉందో నీకు తెలుసా?”

“ఉండనీ. బాగుందని తింటాడు కదా.”

“తింటాడు. నువ్వెవరని అడగడు.”

“నువ్వు కుట్టే కాజా చూసి నువ్వెవరని అడుగుతున్నారా? అయినా వంకరగా కుడుతున్నావా?”

కూతురు నూనె గిన్నె తెచ్చుకుంది. చీర అంచు పైకి జరిపి, తల్లి మోకాలికి నూనె రాయడం మొదలుపెట్టింది. మోకాలు ఉడికిన దుంపలా ఉబ్బి వేడిగా ఉంది.

“ఇదొక్కటే నాది అనుకున్నాను,” అంది గుండ్లమ్మ పైకప్పు చూస్తూ. “ఇల్లు అద్దెది. వేళ్ళు పోయాయి. పేరు కూడా కాగితంలో ఉండిపోయింది. విరక్కుండా కొట్టడం ఒక్కటే నాది.”

“మోకాలు కూడా నీదేనమ్మా.”

గురువారం వాన మొదలైంది. షెడ్డు రేకుల మీద చప్పుడు. గుండ్లమ్మ పెడల్ మీద కాలు పెట్టింది, గింజని కత్తి కింద కొంచెం పక్కకి పెట్టింది, తొక్కింది. టక్. చీలిన పెంకులోంచి సూదితో పప్పు లాగితే, గుండు. ఇంకో గింజ మరింత పక్కకి. అదీ గుండే. మూడో గింజకి కళ్ళు మూసుకుంది. అదీ అంతే. ఇరవై ఒక్క ఏళ్ళ అలవాటు. చివరి క్షణంలో చెయ్యి దానంతటదే గింజని సరిచేస్తోంది. మనసు సరేనన్నా చెయ్యి ఒప్పుకోలేదు.

అప్పుడామె ఎడం చేత్తో కుడి మణికట్టుని గట్టిగా పట్టుకుని, తొక్కింది.

టక్. దాని వెంటే ఇంకో చిన్న చప్పుడు.

పక్క పెడల్ ఆగింది. దాని పక్కది ఆగింది. షెడ్డులో వాన ఒక్కటే వినిపిస్తోంది. మేస్త్రి నడిచి వచ్చాడు.

“ఏంటమ్మా?”

“విరిగింది.”

“నీకా?”

“నాకే.”

“ఒంట్లో బాగుందా?”

“బాగానే ఉంది బాబూ. ఇంకా విరుగుతాయి. నువ్వు వెళ్ళు.”

మేస్త్రి వెళ్ళాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె ఒక గుప్పెడు విరగ్గొట్టింది. ఒక్కొక్క గింజకీ ఆమె పెదవి ఒకసారి బిగుసుకుంది. శనివారం పొట్లాలు కట్టేటప్పుడు, కిటికీ గదిలో ఉన్న పొట్టక్క ఆ గుప్పెడు ముక్కల్ని విడిగా ఏరి, ఎవరివీ కలవకుండా కాగితంలో చుట్టి తెచ్చింది.

ఆదివారం పొట్టక్క పిండి, గుడ్లు, వెన్న అన్నీ తనే పట్టుకొచ్చింది. గుండ్లమ్మ ముక్కల్ని వేయించలేదు. చూస్తూ కూర్చుంది. కూతురే వేయించింది, దంచింది, కలిపింది. పెనం తిరగేసి మూత తీసింది.

అన్ని గళ్ళలోనూ ఒక్క బొటనవేలే. గుండ్రంగా, నీళ్ళలో రాయి వేస్తే లేచే అలల్లా, ఎక్కడా తెగని గీతలు.

“ఇంత చిన్న వేలా?” అంది కూతురు.

“పంతొమ్మిదేళ్ళమ్మా నాకప్పుడు,” అంది గుండ్లమ్మ. తన నున్నటి బొటనవేలు ఆ గీతల పక్కన పెట్టి చూసుకుంది. “బాగానే ఉండేదాన్నే,” అంది చివరికి.

ఆ వారం ఎవరూ అనాసపండు ఉడికించలేదు.

సోమవారం పొద్దున గాజు మీద వాఫిల్ పెట్టగానే పచ్చ దీపం వెలిగింది. మిషన్ ఆమె అసలు పేరు పిలిచింది. వెనకున్న కొత్తమ్మాయిలు ఎవరా అని అటూ ఇటూ చూశారు. “ఇరవై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు. స్వాగతం.” గుమాస్తా చీటీ చించాడు. ముప్పై తొమ్మిదో నంబరు.

గుండ్లమ్మ పక్కకి తప్పుకోలేదు. సంచీలోంచి పంచదార డబ్బా తీసింది, అందులోంచి ఎండి గట్టిపడిన ముక్క ఒకటి తీసి గాజు మీద పెట్టింది. వంకీ తిరిగిన గీతలు, మధ్యలో కత్తిగాటు.

పచ్చ దీపం వెలిగింది. ఇరవై ఏడు సంవత్సరాలు అంది మిషన్. స్వాగతం అంది.

గుమాస్తా తల దించుకుని గాజు తుడిచాడు. తుడవాల్సిందేమీ లేదు, అయినా తుడిచాడు. తర్వాత రెండో చీటీ చించి ఆమె చేతిలో పెట్టాడు. “నవ్వులమ్మ గారు వచ్చినట్టు వేశానమ్మా,” అన్నాడు.

ఆనాటి నుంచి గుండ్లమ్మ కిటికీ పక్కన కూర్చుని పప్పు ఏరుతోంది. మోకాలు వాపు తగ్గింది. డాక్టరమ్మ చూసి, ఇక మోకాలికి ఆపరేషన్ అవసరం రాదంది. ఆమె పక్కన నలభయ్యో కుర్చీ ఖాళీగా ఉంది. ప్లాస్టిక్ కవరు విప్పి, తుడిచి, చీటీ అంటించి ఉంది. రోజూ పొద్దున గుండ్లమ్మ ముందు ఆ ఎండుముక్క పెట్టి, తర్వాత తనది పెడుతుంది. నవ్వులమ్మ ఒక్క రోజు కూడా నాగా పెట్టలేదు. మధ్యాహ్నం గంటకి పది నిమిషాల ముందు ఆ కుర్చీ కిర్రుమంటుంది. అప్పుడు గది మొత్తం చేతులాపి ఒక్క నిమిషం ఊరుకుని, మళ్ళీ పనిలో పడుతుంది.

పోయిన మంగళవారం మేనేజరు వచ్చి, ఆ ఖాళీ కుర్చీ తీసెయ్యమన్నాడు. “మిషన్‌లో ఉందండీ,” అన్నాడు గుమాస్తా. మేనేజరు చీటీ చదివి, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు.

అలా వెళ్ళిపోతే కుదరదు మేనేజరు గారూ. నవ్వులమ్మ అర్హురాలని కిటికీ గదిలో కూర్చున్న మేం చెప్పలేదు, మీ మిషనే చెప్పింది. అదే మనిషి అవే వేళ్ళు పోగొట్టుకుని మీ గది ముందు మూడుసార్లు నిలబడింది. ఆ మూడు అర్జీలూ మీ బల్ల సొరుగులోనే ఉన్నాయి. రాసిపెట్టుకోమని మీరే అన్నారు, రాసిపెట్టాం. జవాబు ఆమె కుర్చీలో పెట్టండి. గడువు నవంబరు పద్నాలుగు, ఆమె పోయి ఏడాది నిండే రోజు, మధ్యాహ్నం గంటకి పది నిమిషాల ముందు లోపు.